వియ్యపురాలి ఆలిచిప్పలు

నిన్న పొద్దున నల్లా కట్టేయడం మరిచిపోయాను. తొట్టి నిండి, వాకిలి నిండి, నీళ్ళు వంటింటి గడప దాటి వచ్చి, కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్న నా మడమలకు తగిలాయి. పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి గోడకు అతుక్కుని నిలబడ్డాను. మా ఆయన వచ్చి నల్లా కట్టేసి, "గిన్ని నీళ్ళకే గింత భయమా" అని నవ్వాడు. ఆయనకేం, నవ్వుతాడు. మూడేళ్ళ కింద మేము సముద్రం ఒడ్డుకు పోయినప్పుడు మగ్గం మీద జంపఖానా సగంలో ఉందని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ రోజు అక్కడ నిలబడి చూసినవాళ్ళెవరూ పారే నీళ్ళను చూసి నవ్వరు.

మా అక్క బిడ్డను కోస్తాలో ఒక ఊరికి ఇచ్చారు. పిల్లలిద్దరూ హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు, పెద్దవాళ్ళం కాదనలేదు. అట్లా తరతరాలుగా చెరువు చేపలు తిన్న మాకు ఉప్పునీళ్ళతో వియ్యం కుదిరింది. అక్క వియ్యపురాలు గట్టి మనిషి. ఊళ్ళో ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి, ఏరు సముద్రంలో కలిసే చోట ఆలిచిప్పలు పెంచుతుంది. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఇళ్ళలో ఆలిచిప్ప అంటే మామిడికాయ చెక్కు తీసే పనిముట్టు. మా అమ్మ చెరువులో దొరికిన చిప్ప వీపును బండమీద అరగదీసి, చిల్లు చేసి, ఆ అంచుతో పచ్చడికాయలన్నీ చెక్కేది. దాని లోపల ఒక ప్రాణి కాపురం ఉండేదని ఏనాడూ ఆలోచించలేదు. దాన్ని తినమని వియ్యపురాలు పిలుస్తోందని తెలిశాక మాత్రం నవ్వు ఆగిపోయింది. తినకపోతే వియ్యాలవారికి కోపం, తింటే నాకు వాంతి. దసరా అయ్యాక బయలుదేరిన రైలులో దారిపొడవునా నా దిగులంతా ఇదే. ఎంత చిన్న దిగులో అది.

బావ మాత్రం హుషారుగా ఉన్నాడు. ఆయనది వర్ధన్నపేట దగ్గర పల్లె. వాళ్ళది నీరటి ఇల్లు. అంటే ఊరి చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసుకునే ఇల్లన్నమాట. చెరువు కట్ట మీద నడుస్తూ, నీటి రంగు చూసి లోతు చెప్పేవాడు. ఎండాకాలం ఎన్ని తడులకు నీళ్ళు సరిపోతాయో ఆయన చెబితే ఊళ్ళో ఎదురు మాట్లాడేవాళ్ళు లేరు. అందుకే ఆయనకు ఒక ఊతపదం: "నీళ్ళ సంగతి నాకు చెప్పకుండ్రి." మా అక్క ఆ మాట విన్నప్పుడల్లా నా వైపు చూసి మూతి తిప్పేది. కానీ లోపల ఆమెకూ గర్వమే.

మేము ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నమైంది. వాన వెలిసి ఎండ మెత్తగా ఉంది. ముందు ఒక పాయ, దాని అవతల నల్లటి బురద దిబ్బ, దిబ్బ అంచున వెదురు గుంజలు వరసగా పాతి, వాటి మీద అడ్డకర్రలు కట్టి ఉన్నాయి. ఆ అడ్డకర్రలకు తాళ్ళు వేలాడుతున్నాయి. ఒక్కో తాడుకు పాత చిప్పలు దండలా గుచ్చి ఉన్నాయి. పిల్ల చిప్పలు నీళ్ళలో తేలుతూ వచ్చి ఆ పాత చిప్పలకు అంటుకుని పెరుగుతాయని, ఇంక అక్కడినుంచి కదలవని వియ్యపురాలు చెప్పింది. కొత్తగా వచ్చిన వియ్యంకుడి చేత మొదటి తాడు లాగిస్తామని, అది తమ ఇంటి మర్యాద అనీ చెప్పింది. "ఉండండి అన్నయ్యగారూ, నేను నిప్పు రాజేసొచ్చి పడవ తీస్తాను. మీరు ఇక్కడే కూర్చోండి. పోటు వేళయిందండి," అని, కొబ్బరి డొక్కలు పట్టుకుని తాటాకుల పాక వెనక్కు వెళ్ళింది. అల్లుడూ పిల్లా నిమ్మకాయలు తేవడానికి ఊళ్ళోకి వెళ్ళారు.

పోటు అన్న మాట మేము ముగ్గురమూ విన్నాం. పుస్తకంలో చదివిన మాటే. అది ఎట్లా ఉంటుందో మాత్రం ముగ్గురిలో ఎవరికీ తెలియదు. బావ ఒక పుల్ల తెచ్చి నీటి అంచున పాతాడు. చెరువు దగ్గర అలవాటైన పనే. ఒక బీడీ కాల్చి, మళ్ళీ వచ్చి చూశాడు. నీరు పుల్లను వదిలి కొంచెం వెనక్కు జరిగింది. "చూసినవా మరదలా, నీళ్ళు గుంజుకపోతానయి. ఇగ ఇయ్యాల రావు," అన్నాడు. చెరువులో ఒకసారి తగ్గడం మొదలైతే మళ్ళీ వానాకాలందాకా తగ్గుతూనే ఉంటుంది కదా. ఆయన నేర్చుకున్న లెక్క అది. పుట్టినప్పటినుంచి నేను చూసిందీ అదే. అందుకే నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

"ఆమె వచ్చేదాక ఆగరాదా," అంది అక్క.

"ఆడమనిషి పడవ తోల్తాంటె నేను కూసోని పోవాల్నా? మోకాటిలోతు గూడ లేదు. జర ఇంత తాడు గుంజుకొచ్చి ఆమె చేతుల పెడ్త," అని లుంగీ ఎగగట్టి దిగాడు.

పాయ దాటాడు. నిజంగానే మోకాళ్ళు మునగలేదు. బురద దిబ్బ ఎక్కి, గుంజల దగ్గరకు పోయి, మా వైపు తిరిగి చెయ్యి ఊపాడు. అక్క కూడా ఊపింది. ఆయన తాడు ముడి విప్పడానికి వంగాడు. ఆ ముడి మన ముడి కాదు, ఎంతకీ రాలేదు. నేను కాళ్ళు చాపుకుని కూర్చుని, వియ్యపురాలి ముందు ముక్కు మూసుకోకుండా చిప్ప ఎట్లా మింగాలా అని ఆలోచిస్తున్నాను. ఎందుకో పుల్ల వైపు చూశాను. పుల్ల కనబడలేదు.

ముందు అది పడిపోయిందనుకున్నాను. తరువాత చూస్తే నా చెప్పుల పక్కన నీళ్ళున్నాయి. అల లేదు, పొంగు లేదు, గాలి కూడా లేదు. ఊరికే ఉన్నాయి. తలెత్తితే, బావకూ మాకూ మధ్య పాయ రెండింతల వెడల్పు అయింది. సముద్రం వైపునుంచి లోపలికి నీరు పరుగెడుతోంది. చెత్తా, ఎండుటాకులూ ఏటికి ఎదురు కొట్టుకుపోతున్నాయి. నీళ్ళు ఎదురు పారడం నేను నా జన్మలో చూడలేదు. బావ ఎదుటి వైపు, గుంజల వైపు మొహం పెట్టి ఉన్నాడు. నీరు ఆయన వెనకనుంచి నిండుతోంది.

"బావా, నీళ్ళు," అని అరిచాను. అరిచాననుకున్నాను. అక్క లేచి నడుచుకుంటూ నీళ్ళలోకి దిగింది. నేను ఆమె నడుము పట్టుకున్నాను. అక్క నాకంటే బలమైనది, నన్నూ ఈడ్చుకుపోతోంది. కింద బురద పాదాలను పీలుస్తోంది. వదిలితే అక్క పోతుంది, వదలకుండా ఉంటే పాక దగ్గరికి పరుగెత్తి చెప్పేవాళ్ళు లేరు. అప్పుడు బావ తిరిగి చూశాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది. నీళ్ళ సంగతి తెలిసిన మొహంలో మొదటిసారి ఏమీ తెలియకపోవడం చూశాను. దిబ్బ మునిగిపోయింది. ఒక అడుగు పాయ వైపు వేశాడు, నడుములోతు దిగబడ్డాడు. వరద ఆయనను పక్కకు తోసింది. ఎట్లాగో గుంజను వాటేసుకున్నాడు. అక్కడినుంచి ఆయన, ముప్పై ఏళ్ళ కాపురంలో "ఏమే" తప్ప ఇంకో పిలుపు లేని మనిషి, అక్కను పేరు పెట్టి పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు.

అక్క కేక వేసింది అప్పుడే. ఆ కేకకు పాక వెనకనుంచి వియ్యపురాలు వచ్చింది. ఒక్క చూపు చూసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, పడవ తోసి గెడకర్ర అందుకుంది. "అన్నయ్యగారూ, ఈదకండి. గుంజ వదలకండి," అంటూనే ఉంది, గెడ వేస్తూనే ఉంది. పడవ నేరుగా పోలేదు. వరద దాన్ని పక్కకు లాక్కుపోతుంటే ఆమె నీరు వస్తున్న వైపునుంచి చుట్టి తెచ్చింది. ఆ కాసేపట్లో బావ గడ్డం మునిగింది, తరువాత మూతి మునిగింది, చివరికి ముక్కూ కళ్ళూ మాత్రమే కనబడ్డాయి. అక్క ఎవరికి మొక్కుతోందో, ఏం మొక్కుతోందో తెలియదు. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే మేము తూచి ఇచ్చే బెల్లం, అన్నది ఒక్కటే నాకు వినబడింది. పడవ గుంజకు తగిలింది. ఆమె ఆయన చంకల కింద చేతులు వేసి లాగింది. ఆయన లోపల పడ్డాక పడవ ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. నేను ఇంకా అక్క నడుము వదలలేదు.

ఒడ్డున కూర్చోబెట్టి చూస్తే బావ అరచేతులు, రొమ్ము, ముంజేతులు అన్నీ గీతలే. గుంజలకు అంటుకున్న చిప్పల అంచులు కత్తుల్లాంటివి. ఆయన పట్టుకున్నది వాటినే. వియ్యపురాలు పసుపు పెట్టి, పాతగుడ్డ చింపి రెండు చేతులకూ కట్టింది. కట్టాక ఏడ్చింది. "నాదే తప్పండి వదినగారూ, నీళ్ళు తెలిసిన మనిషని వదిలేశాను," అంది. బావ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "నాకు తెల్వదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం మాకందరికీ కొత్త.

నిప్పులు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. ఆ పొద్దునే తెచ్చి, కడిగి పెట్టిన చిప్పలు ఆమె నిప్పుల మీద వేసింది. అవి టప్పుమని నోళ్ళు తెరిచాయి. అల్లుడూ పిల్లా తెచ్చిన నిమ్మకాయలు పిండి బావ ముందు పెట్టింది. కట్లు కట్టిన చేతులతో ఆయనకు పట్టుకోరాలేదు. అక్క ఒకటి తీసి, ఊది, వియ్యపురాలి ముందే, అల్లుడి ముందే ఆయన నోట్లో పెట్టింది. ఆయన నమిలాడు. నేనూ తిన్నాను. ఉప్పగా, మెత్తగా, పొగ వాసనతో, చివర కొంచెం తియ్యగా ఉంది. వాంతి కాలేదు. ఆ చిన్న దిగులు ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియలేదు.

ఆ తరువాత మళ్ళీ మొన్న దసరాకే అక్క వాళ్ళ ఊరు వెళ్ళాను. అక్క రెండు కంచాలు పక్కపక్కన పెట్టింది. మా ఇళ్ళలో మగవాళ్ళు తిని చెయ్యి కడిగాకే ఆడవాళ్ళు కూర్చునేది, అక్క అయితే మరీ పట్టింపు మనిషి. "ఏందక్కా కొత్త పద్ధతి," అన్నాను. "ఆయన తిన్నంక తింటా, తర్వాత తింటా అని ఇన్నేండ్లు ఆగిన చెల్లె. ఆ తర్వాత అనేది ఉంటదని ఎవలన్న చెప్పిండ్రా," అంది. బావ ఆమె కూర్చునేదాకా ముద్ద కలపకుండా ఆగాడు. కాలం కూడా మా చెరువులాంటిదే, తగ్గేదేదో మెల్లగా కళ్ళముందే తగ్గుతుందని మేము ఇన్నాళ్ళూ నమ్మాం. అది ఆ పోటులా ఎప్పుడు వెనకనుంచి వచ్చి ముంచుతుందో చెప్పే పుల్ల ఎవరి దగ్గరా లేదు.