సున్నాను నమ్మని మనిషి

సున్నాగారికి లోకంలో నమ్మకం లేనిది ఒక్కటే, సున్నా. మనుషుల్ని ఇట్టే నమ్మేస్తారు. రేపు కచ్చితంగా ఇచ్చేస్తానని ఏడాదిగా చొక్కా కుడుతున్న దర్జీని కూడా నమ్ముతారు. కాగితం మీద సున్నా కనిపిస్తే మాత్రం కనుబొమలు ముడిపడతాయి, చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోతుంది. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంది గానీ, దాంతో ఎవరికీ పని పడలేదు.

ఆయన పనిచేసేది దేశం మొత్తం మీద అంటుజబ్బుల లెక్క చూసే ఆఫీసులో. మూడో అంతస్తులో రెండు పొడుగాటి గదులు, గోడ నిండా ఒక తెర, తెర మీద దేశపటం. ప్రతి సోమవారం పదింటికల్లా ఆరువందల నలభై ఆరోగ్య కేంద్రాల నుంచి అంకెలు రావాలి. కలరా ఎందరికి, తట్టు ఎందరికి, డిఫ్తీరియా ఎందరికి, పోయినవాళ్ళెందరు. కేసులుంటే ఆ చోటు ఎర్రగా వెలుగుతుంది, సున్నా అయితే పచ్చగా ఉంటుంది, కబురే రాకపోతే తెల్లగా మిగిలిపోతుంది. అందరూ ఎరుపు చూసి హడలిపోయేవారు. సున్నాగారు పచ్చ చూసి హడలిపోయేవారు.

ఆయన ఎదురు బల్ల కంప్యూటరమ్మది. పటానికి రంగులు వేసే ప్రోగ్రాము ఆవిడే చూసుకుంటుంది. చేరిన మూడేళ్ళ నుంచీ సోమవారం వస్తే ఆవిడ చెవిలో పడేది ఇదే.

"హలో, సున్నా రాశారు. సున్నా అంటే ఎవరూ లేరనా, ఎవరూ చూడలేదనా?"

"లేరండీ."

"ఎవరు చూశారు?"

"నేనేనండీ. వారమంతా చూశాను."

"వారమంతా మీ ఊరి వాగు పొంగి దారి లేదటగా. జనం ఎలా వచ్చారు?"

"రాలేదండీ."

"రాని వాళ్ళని ఎలా చూశారు?"

 ఆ మాటతో అవతల కాంపౌండరు చెప్పులు వెతుక్కునే చప్పుడు వినపడేదని కంప్యూటరమ్మ ఇంటికెళ్ళి మొగుడికి చెప్పి నవ్వించేది.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య "పంచదార లేదండీ" అంటే, "లేదనా, చూడలేదనా?" అంటూ వెళ్ళి డబ్బాలన్నీ మూతలు తీసేవారు. ఒకసారి నిజంగానే వెనక డబ్బాలో పావుకిలో దొరికింది. ఆ రోజు నుంచి ఆ ఇల్లాలికి మనశ్శాంతి లేదు. కూతుర్ని చేసుకుంటానని వచ్చిన కుర్రాడు "నాకు దురలవాట్లేమీ లేవండీ" అన్నాడు పాపం. "లేవనా బాబూ, నువ్వు గమనించలేదనా?" అన్నారు ఈయన. కుర్రాడు రెండు రోజులు తీవ్రంగా ఆలోచించి, నిద్రలో గురక పెడతానని ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. పెళ్ళయిపోయింది.

డైరెక్టరుగారికి పచ్చ రంగంటే ప్రాణం. "సున్నా వస్తే సంతోషించాలయ్యా, సంతాపం దేనికి?" అని విసుక్కునేవారు.

"చూసొచ్చాక సంతోషిస్తాను సార్" అనేవారు సున్నాగారు.

అలాంటి మనిషికి కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషనన్నారు, రెండు వారాలు సెలవన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ తెల్లగా ఉన్న ప్రతి చోటికీ ఫోన్ చేసి, అంకె రాబట్టి రంగు వేయించేవారు. ఆయన లేకపోయేసరికి పటం చిల్లుల దుప్పటిలా తయారైంది. డైరెక్టరుగారు తెర ముందు నిలబడి తల పట్టుకున్నారు.

"పైవాళ్ళు చూస్తారమ్మా. ఈ తెల్ల మచ్చలేమిటి? ఏదో ఒకటి చెయ్యి."

కంప్యూటరమ్మ చేసింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. అంకె రాని చోట ప్రోగ్రామే సున్నా వేసుకునేలా ఒక వరస మార్చింది. జబ్బంటూ ఉంటే వాళ్ళే చెప్పరా అనుకుంది. పటం నిగనిగలాడింది. డైరెక్టరుగారు మూడేళ్ళలో మొదటిసారి "శభాష్" అన్నారు. ఆ సాయంత్రం ఆవిడ కూనిరాగం తీస్తూ ఇల్లు చేరింది.

మూడో సోమవారం సున్నాగారు నల్ల కళ్ళద్దాలతో దిగారు. తెర వంక చూసి ఆగిపోయారు.

"ఇదేమిటమ్మా, నేనిలా పడుకునేసరికి దేశమంతా ఆరోగ్యం వచ్చేసిందే!"

ఆవిడ నవ్వుతూ తను చేసిన ఉపాయం చెప్పింది. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. "రాని వాళ్ళ జాబితా తియ్యమ్మా" అన్నారు. పంతొమ్మిది కేంద్రాలు తేలాయి. ఆయన కుర్చీ లాక్కుని ఫోను అందుకున్నారు.

పదకొండోది రాళ్ళ క్వారీ కూలీల ఇళ్ళ వరసల పక్కన ఉన్న కేంద్రం. ఫోను చాలాసేపు మోగాక, అక్కడ ఊడ్చే ఆవిడ ఎత్తింది. ఆవిడ గట్టిగా మాట్లాడుతుంటే ఎదురు బల్ల దాకా వినపడుతోంది.

"నర్సమ్మ పడుందండీ. గొంతు వాచిపోయింది, మాట పెగలట్లేదు. పది రోజులైంది. ఆ కాగితం ఎట్టా పంపాలో నాకు తెలవదు."

"పిల్లలెలా ఉన్నారమ్మా?"

"ఏ పిల్లలండీ? ఉన్న పిల్లలా, పోయిన పిల్లలా?"

సున్నాగారి కలం ఆగింది. కంప్యూటరమ్మ వేళ్ళు కూడా ఆగిపోయాయి.

"పోయిన వాళ్ళ గురించి ముందు చెప్పమ్మా. పేరూ, వయసూ. నెమ్మదిగా చెప్పు."

ముగ్గురు పోయారు. ఐదేళ్ళ పిల్ల ఒకతి, ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరు. గొంతులో తెల్లగా పొర కట్టి ఊపిరాడలేదు. అది డిఫ్తీరియా అని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. ఇంకో పదకొండుమంది పిల్లలు అవే లక్షణాలతో మంచం మీద ఉన్నారు. సున్నాగారు ఒక్కో పేరూ పైకి పలుకుతూ రాసుకున్నారు. గోడ మీద ఆ చోటు ఇంకా పచ్చగానే ఉంది. కంప్యూటరమ్మ కొడుక్కీ ఐదేళ్ళే. 

డిఫ్తీరియాకు విరుగుడు మందు దేశం మొత్తానికీ ఒకే శీతల గదిలో ఉంటుంది. ఆ వారం మిగిలినవి ఇరవై మోతాదులు. అవి ఎక్కడికి పోవాలో చెప్పేది ఆ పటమే. ఎర్రగా ఉన్న రేవు పట్నంలో ఆరుగురు పిల్లలు పడకేశారని ఇరవయ్యీ అక్కడికే రాశారు. వ్యాను కింద సిద్ధంగా ఉంది. సున్నాగారు కాగితం పట్టుకుని డైరెక్టరు గదిలోకి పరుగెత్తారు, వెనకే కంప్యూటరమ్మ.

"ఎవరో ఊడ్చే ఆవిడ ఫోన్లో చెప్పిందని మందు మళ్ళించమంటావా?" అన్నారు డైరెక్టరుగారు. "నర్సు సున్నా పంపిందిగా. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?"

"నర్సు పంపలేదు సార్." కంప్యూటరమ్మ గొంతు ఆవిడకే కొత్తగా వినపడింది. "ఆ సున్నా నాది. రాని అంకెలన్నింటికీ నేనే సున్నా పెట్టాను."

డైరెక్టరుగారు ఆవిడ వైపు తిరిగారు. "ఆ మాట కాగితం మీద పెడితే నీ ఉద్యోగం ఉండదమ్మా."

"పెడతాను సార్. ముందు వ్యాను ఆపించండి."

పన్నెండు మోతాదులు క్వారీకి వెళ్ళాయి, ఎనిమిది రేవుకి. నర్సమ్మ లేచింది. పిల్లల్లో పదిమంది లేచారు. ఒక పాప లేవలేదు. మందు రెండు రోజుల ముందు చేరి ఉంటే బతికేదని అక్కడికెళ్ళిన డాక్టరు రిపోర్టులో రాశాడు. కంప్యూటరమ్మ ఆ ఒక్క వాక్యం మాటిమాటికీ చదువుకుంది. ఆవిడకు అన్నం సహించలేదు.

'నీ తప్పేం లేదులే' అని సున్నాగారు ఒక్కసారి కూడా అనలేదు. సోమవారం రాగానే పచ్చ కేంద్రాల జాబితాలో సగం ఆవిడ బల్ల మీద పెట్టారు. "నువ్వు చెయ్యమ్మా. నాకు ఒక కన్ను ఇంకా మసగ్గానే ఉంది."

ఆవిడ చేసింది. కొండ మీది కేంద్రంలో ఒక్కతే ఉండే మంత్రసాని ఫోనెత్తి, "సున్నాగారు కాదా? ఆయన కన్ను నయమైందా?" అని కంగారు పడింది. "జబ్బులున్న ఊళ్ళకి జీపులూ పెద్దవాళ్ళూ పోతారమ్మా. ఏమీ లేదని రాసేవాళ్ళని ఎవరడుగుతారు? వారానికోసారి ఆయన తప్ప నన్ను పలకరించే నాథుడు లేడు. తిన్నావా అని కూడా అడుగుతాడు."

విచారణ కాగితం వచ్చింది. సీనియరు కనక దాన్ని నింపాల్సింది సున్నాగారే. అన్నీ నింపారు, ఆవిడ చేసిన తప్పు దాచకుండా రాశారు. చివరి గడిలో, 'ఈ శాఖలో ఇంతకుముందు ఇలాంటి తప్పులు ఎన్ని?' అని ఉంది. ఎవరైనా కళ్ళు మూసుకుని సున్నా వేసే గడి అది. సున్నాగారు 'ఒకటి' అని రాసి, కింద వివరాలిచ్చారు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, శాఖలో తన మొదటి ఉద్యోగం, అడవి దగ్గర ఒక కేంద్రం. వానలకు గడప దాటకుండా నాలుగు వారాలు వరసగా సున్నాలు రాశానని, ఐదో వారం వెళ్ళి చూస్తే కలరాకి ఏడు సమాధులు ఉన్నాయని, ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదని. కింద సంతకం.

డైరెక్టరు గది అద్దాలు అదిరాయి. బయట కంప్యూటరమ్మకు ప్రతి మాటా వినపడింది.

"ఎనిమిది నెలల్లో రిటైరవుతావు. ఎవరడిగారయ్యా నిన్ను?"

"ఆ గడి అడిగింది సార్."

"సున్నా వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నాదేం పోదు. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. తప్పు మొదటిసారి జరిగిందంటే మనిషిని తీసేస్తారు. రెండోసారంటే పద్ధతి మారుస్తారు సార్."

ఒకరిని తీసేసి ఇంకొకరిని ఉంచడం కుదరదు. ఇద్దర్నీ తీసేస్తే సోమవారం ఆఫీసు నడవదు. డైరెక్టరుగారు రెండు రోజులు పళ్ళు నూరుకుని ఆర్డరు వేశారు. ఇక మీదట రాని అంకెను రాలేదనే చూపాలి. దోషులిద్దరూ శిక్షగా ప్రతి సోమవారం సున్నా కేంద్రాలన్నింటికీ స్వయంగా ఫోన్ చెయ్యాలి.

వరండాలో కంప్యూటరమ్మ ఆయనకు అడ్డం నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. "నాకోసం ఎందుకు రాశారు సార్?"

"నీకోసమని ఎవరు చెప్పారు? ఇన్నేళ్ళు మోశాను, దించుకోడానికి చోటు దొరికింది. నువ్వు పక్కనుంటే ధైర్యం వచ్చింది" అన్నారు ఆయన. తర్వాత ఆర్డరు కాగితం తీసి, మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని తీరిగ్గా చదివారు. మీసాల చాటున నవ్వు ఆగలేదు.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనే ఈ మహానుభావుడు నాకు శిక్షగా వేశాడమ్మా" అని ఫోను ఆవిడ వైపు జరిపారు. "పాపం, ఆయనతో అనకు. ముందు నువ్వు మొదలుపెట్టు, నేను టీ తాగి వచ్చి శిక్ష అనుభవిస్తాను."