రంగనాథం విమానం, నా ఉత్తరీయం

పాఠకమహాశయులారా, నేల విడిచి జానెడైనా లేవని విమానాన్ని కూల్చినంత పని చేసిన ఘనుడు ఈ భూమండలం మీద ఎవడైనా ఉన్నాడా అని మీరు ఎన్నడైనా వెదికి ఉంటే, ఆ శ్రమ ఇక మానుకోవచ్చు. ఆ ఘనుణ్ణి నేనే. ఆ వృత్తాంతం విని మీరు కడుపారా నవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఎందుకంటే ఆ రోజున నవ్వవలసిన వాళ్ళెవరూ నవ్వే స్థితిలో లేరు.

అప్పటికి నేను చాలా చిన్నవాణ్ణి. అరవై నిండి ఏడాదైనా కాలేదు. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన కొత్త. ఉద్యోగం ఉన్నంతకాలం ఒక్క బడికే పరిమితమై ఉండిన నా సలహాలు, ఆ తరువాత మా జిల్లా ఏనాడూ చూడని వరదలాగా లోకం మీద పడ్డాయి. ఆ వరదకు ఎదురుగా, పాపం, నా బావమరిది రంగనాథం నిలబడి ఉన్నాడు.

రంగనాథం నా భార్య సుభద్రకు తమ్ముడు. వాయుసేనలో విమానాల ఇంజన్లు బాగుచేసే పని చేసి, విరమణ పొంది, కళ్యాణదుర్గం శివార్లలో వేరుశనగ నిలవచేసే పాత గోడౌనొకటి అద్దెకు తీసుకుని, అందులో ఇద్దరు కూర్చునే చిన్న విమానాన్ని సొంతంగా కట్టుకుంటున్నాడు. రెక్కలు ముగిశాయి, తోక ముగిసింది. ఇంజను కూర్చోబెట్టి, దానికి తొడుగు వేయడమే మిగిలింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, ఇది మబ్బుల్లో మందు చల్లి వాన తెప్పించే విమానమా అని అడిగేవారు. కాదంటే పెదవి విరిచి, మరి ఎందుకిది అన్నట్లు చూసి వెళ్ళేవారు.

అతడి ఆశ అంతా కెప్టెన్ గారి మీద ఉండేది. ఆయన విమానాలు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. పుట్టింది హిందూపురం వైపు; సరిహద్దు దాటి కర్ణాటకలో ఆయనకు సొంత రన్‌వే ఉంది. ఒకనాడు వచ్చి ఇంజను నడుస్తుండగా వింటాననీ, ఆ శబ్దం తనకు నచ్చితే విమానాన్ని తన చోటికి తరలించి, అనుమతుల సంగతి చూసి, మొదటిసారి తానే ఎగరేస్తాననీ మాట ఇచ్చాడు. నచ్చకపోతే మళ్ళీ రానని కూడా చెప్పాడు. అవతల కొత్త పంట వస్తోంది, గోడౌను ఖాళీ చేయమని యజమాని ఒత్తిడి. కెప్టెన్ కాదంటే విమానాన్ని ముక్కలు విప్పి మూటకట్టడం తప్ప రంగనాథానికి వేరే దారి లేదు.

ఇంజను ఎత్తడానికి హుసేనప్పను పిలిపించాం. బోర్లలో నుంచి మోటార్లు పైకి లాగడం అతడి వృత్తి. తన మూడుకాళ్ళ స్టాండూ గొలుసు కప్పీ తెచ్చి, ఇంజనును పసిబిడ్డను ఉయ్యాల నుంచి ఎత్తినట్లు ఎత్తాడు. రంగనాథం దాన్ని విమానం ముక్కుకు చేర్చి బోల్టులు బిగించాడు. నేను పక్కన నిలబడి, కుడికి జరపమనీ, కాదు ఎడమకనీ శాసిస్తూ వచ్చాను. ఇంజను ఎటూ జరగకుండా తనకు తగిన చోటే కూర్చోవడానికి కారణం, నా మాట ఎవరూ వినకపోవడమే.

ఇక్కడ మా సీమవాసుల స్వభావం గురించి ఒక్క మాట. బోరు వేసిన తరువాత నీళ్ళు పడినా పడకున్నా మేము మొదట చేసే పని, ఆ గొట్టం నోట్లో గోనెపట్ట కుక్కడం. రాయి పడుతుందని, తొండ పడుతుందని, ఎవరి దిష్టి పడుతుందోనని. నీళ్ళు లేని బోరుకైనా సరే, రేపు ఊరుతుందేమోనన్న ఆశతో మూత పెడతాం. నోరు తెరిచిన గొట్టాన్ని చూసి ఊరకుండటం మా రక్తంలో లేదు.

ఆ ఉదయం గాలి లేచింది. గుట్టల మీది గాలిమరలన్నిటినీ తిప్పి, ఇంకా మిగిలిన బలాన్ని మా కళ్ళలో ఎర్రమన్ను కొట్టడానికి వినియోగించే గాలి. హుసేనప్ప, రంగనాథం టీ తాగడానికి బయటికి వెళ్ళారు. నేనూ ఇంజనూ మిగిలాం. దాని కింది భాగాన గాలి పీల్చే గొట్టం ఒకటి నోరు తెరుచుకుని, నన్నే చూస్తున్నట్లు కనిపించింది. నా చేతులు వాటంతట అవే గోనెపట్ట కోసం వెదికాయి. దొరికింది కూడా. కాని శనగపొట్టుతో నిండిన ఆ ముతక గోనెను ఆకాశగామి నోట పెట్టడమా? అపచారమనిపించింది. భుజం మీది జరీ అంచు ఉత్తరీయం తీసి, నాలుగు మడతలు వేసి, గాలికి ఊడిరాకుండా బొటనవేలితో లోపలికంటా కుక్కాను. లోకానికి మహోపకారం చేసిన తృప్తితో చేతులు దులుపుకున్నాను.

అంతలో రంగనాథం పరుగెత్తుకుంటూ వచ్చాడు. సాయంత్రం రావలసిన కెప్టెన్ దారిలోనే ఉన్నాడట, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాడట. మధ్యాహ్నమంటే రాహుకాలమని నేను అడ్డం పడ్డాను. కెప్టెన్‌ను బస్టాండు దగ్గర ఆపి కాసేపు మాటల్లో పెట్టమని సలహా కూడా ఇచ్చాను. ఈ వాగ్వాదంలో ఉత్తరీయం సంగతి నా బుర్రలోంచి సమూలంగా తుడిచిపెట్టుకుపోయింది.

కెప్టెన్ వచ్చేలోపు ఇంజనుకు తొడుగు వేసే పనిలో పడ్డాం. ఆ తొడుగును కౌలింగ్ అంటారు. ఫైబరుతో చేసిన రెండు పెద్ద చిప్పలు, పైన ఒకటి, కింద ఒకటి. కింది చిప్పకు ముందు ఒక నోరు. ఆ నోటి వెనుక ఉన్న రబ్బరు వలయంలో గాలిగొట్టం వచ్చి దూరాలి. అంచులు సరిపడక ఆకురాయితో గీకుతుంటే ఎగిరిన పొడి నా మెడలో పడి, గొంగళిపురుగులు ఊరేగింపు తీసినంత దురద. గోక్కుంటూనే విమానం కింద వెల్లకిలా పడుకుని, ఆ గొట్టాన్ని వలయంలోకి దూర్చే గురుతర బాధ్యతను నేనే అడిగి తీసుకున్నాను.

"గొట్టం సరిగ్గా కూర్చుండాదా బావా?" అని పైనుంచి రంగనాథం అడిగాడు.

"సమాసంలో పదం ఒదిగినట్లు ఒదిగింది. మర బిగించు," అన్నాను.

బిగించాడు. ఆ విధంగా నా ఉత్తరీయం సమాధిలోకి వెళ్ళింది.

కెప్టెన్ వచ్చాడు. పొడవాటి మనిషి, తక్కువ మాటలు. విమానాన్ని బయటికి తోసి, చక్రాలకు అడ్డంగా బండలు పెట్టి, తోకను రాతికంబానికి కట్టాం. రంగనాథం లోపల కూర్చుని మీట నొక్కాడు. విమానం ముక్కు మీది పంకా గిర్రున తిరిగింది. ఇంజను, జవాబు తెలియని విద్యార్థి గొంతు సవరించుకున్నట్లు ఒకసారి దగ్గి, మౌనం వహించింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ దగ్గు. పెట్రోలు వాసన గుప్పుమంది. పై చిప్ప విప్పి ప్లగ్గులు తీసి చూస్తే, తడిసి ముద్దయి ఉన్నాయి. తుడిచి బిగించి మళ్ళీ నొక్కితే, ఈసారి దగ్గే ఓపిక కూడా దానికి లేకపోయింది. కెప్టెన్ ఆకాశం వైపు చూశాడు. రంగనాథం ముఖం, కోతకు ముందు వాడిన శనగచేనులా ఉంది.

అప్పుడైనా నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ సగం సిగ్గుతోనే ముగిసేది. కాని నేను గొంతు సవరించుకున్నాను. రాహుకాలంలో ఆరంభించిన కార్యానికి శాస్త్రం ఏ గతి పట్టిస్తుందో, సూర్యచంద్రులను మింగినవాడికి ఒక ఇంజను ఏపాటిదో, సవిస్తరంగా ఉపన్యసించాను. కెప్టెన్ ఓపికగా విని, "అయ్యవారూ, మీ రాహువు పెట్రోలు తాగుతాడా?" అని మాత్రం అడిగాడు. తరువాత రంగనాథం వైపు తిరిగి, "ఇంజనుకు గాలి అందల్యా. కింది చిప్ప కూడా విప్పప్పా," అన్నాడు.

నేను అడ్డుపడ్డాను. ఆ గొట్టాన్ని నా చేతులతో నేను కూర్చోబెట్టాననీ, దానికి నాదే పూచీ అనీ, అనుమానించడం నన్ను అవమానించడమేననీ అన్నాను. చిప్ప విప్పారు. కెప్టెన్ గొట్టంలోకి రెండు వేళ్ళు పోనిచ్చి, ఏదో తగిలి, మెల్లగా లాగసాగాడు. మొదట జరీ అంచు వచ్చింది. తరువాత బట్ట వచ్చింది. ఇంకా వచ్చింది. అది మూరల కొద్దీ వస్తూనే ఉంది. ఉత్తరీయాలు అంత పొడవుగా నేస్తారని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇది గూడా ఇంజను సామానేనా సార్?" అని హుసేనప్ప వినయంగా అడిగాడు.

"కాదులేప్పా. ఈ అంచు నాకు తెలుసు," అన్నాడు రంగనాథం, నా వైపు చూడకుండా. "ధర్మవరంలో మా అక్కే కొనింది."

ఆ అక్క సరిగ్గా అప్పుడే మజ్జిగ చెంబుతో గోడౌను వాకిట్లోకి వచ్చింది. బట్టను చూసింది, నా బోడి భుజాన్ని చూసింది, రాహుకాలం గొడవ హుసేనప్ప నోట విన్నది. "రాహువును ఆకాశంలో వెదకద్దండి సార్," అన్నది కెప్టెన్‌తో. "మా ఇంట్లోనే కాపురముండాడు. దినామూ నేనే వండి పెడతాండా."

నాకు భూమి చీలి దారి ఇస్తే బాగుండుననిపించింది. మా నేల అసలే బీటలు వారి ఉంటుంది గాని, నా ప్రమాణానికి తగిన బీట ఒక్కటీ కనిపించలేదు. "దుమ్ము లోపలికి పోతుందేమోనని..." అని గొణిగాను. రంగనాథం ఒక్క తిట్టు తిట్టి ఉంటే ప్రాణం కుదుటపడేది. అతడు పనిముట్లు ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కెప్టెన్ ఆ బట్టను ఎండలో పరిచి చూస్తున్నాడు. "గొట్టం మూయమని మీకెవురు చెప్పినారు?" అని అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు. మా దిక్కు గొట్టం కనబడితే మూస్తాము."

"మేమూ మూస్తామప్పా. నిలబెట్టిన విమానానికి ఉండే బొక్కలన్నీ మూయాల. ఇదో, చూడండి." బట్ట బయటివైపు ఎర్రమన్ను దట్టంగా పట్టి ఉంది, లోపలివైపు పెట్రోలు తడి తప్ప ఒక్క ఇసుక రేణువు లేదు. "ఈ మన్నంతా లోపలికి పోయుంటే ఇంజను కథ ముగిసేది. మీ బుద్ధి మంచిదే. కాకుంటే, మూసిన గుడ్డకు ఎర్రతోక ఒకటి బయటికి వేలాడాల. తోక కనబడితే పీకాలని గుర్తుంటాది. రంగనాథం, ఆ పెట్టె మళ్ళా తెరువు."

ప్లగ్గులు మళ్ళీ తుడిచారు. గొట్టం లోపల నలుగురూ వంతులవారీగా కన్ను పెట్టి చూశారు. నన్ను మాత్రం చూడనివ్వలేదు. రంగనాథం మీట నొక్కాడు. ఇంజను ఒక్కసారి దగ్గి, గర్జించింది. పంకా గాలికి గోడౌనులోని శనగపొట్టంతా లేచి మమ్మల్ని కప్పేసింది. మజ్జిగలో పడింది, కెప్టెన్ మీసాల మీద పడింది. ఆయన కదలలేదు. కళ్ళు మూసుకుని, మంచి గాత్రం వింటున్న రసికుడిలా తల ఊపుతూ, ఇంజను ఆపేదాకా నిలబడ్డాడు. తరువాత పొట్టు దులుపుకుని, వారంలోపు విమానాన్ని తీసుకుపోవడానికి లారీ పంపిస్తానన్నాడు.

"అయితే ఒక్కటి," అన్నాడు కెప్టెన్, నా వైపు తిరిగి. "అయ్యవారు కూడా రావాల. మూసినవాడే తెరవాల. పీకిన తోకలన్నీ చేత పట్టుకుని నా ముందర నిలబడితేనే నేను విమానమెక్కేది."

ఆ విధంగా, వ్యాకరణం తప్ప వేరొకటి ఎరుగని నేను విమానయాన రంగంలో ప్రవేశించాను. రంగనాథం విమానం మొదటిసారి నేల విడిచిన ఉదయం, సుభద్ర కుట్టి ఇచ్చిన ఎర్రతోకలను గుప్పిట నిండా పట్టుకుని, పెరుగుతున్న ఆకాశాన్నీ చిన్నదవుతున్న విమానాన్నీ చూస్తూ, పక్కన ఏడుస్తున్న బావమరిదికి కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఒక తోక ఇచ్చిన భాగ్యం నాది.

కావున, దశదిక్కులూ వినునట్లుగా ఇందుమూలంగా శపథం చేస్తున్నాను: ఈ దేహంలో ఊపిరి ఉన్నంతవరకు, తోక వేలాడదీయనిదే ఏ రంధ్రాన్నీ మూయను. ఈ శపథాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తున్నానంటే, చలికి చెవుల్లో దూది పెట్టుకున్నా, రెండు వైపులా ఎర్రదారాలు భుజాల దాకా వేలాడదీసుకునే వీధిలోకి వెళుతున్నాను. చూసినవాళ్ళు నవ్వుకుంటున్నారు. వాళ్ళేమంటున్నారో నాకెలాగూ వినపడదు.