ఇరవయ్యో కాన్పు

మా అన్న చెప్పే కథలో నేను దేవతను. చుట్టాల ఇంట్ల ఏ కార్యమైనా సరే, నలుగురు చాప మీద కూసున్నరంటే మొదలుపెడ్తడు. "మా చెల్లెకు చిన్నప్పటి సంది సేవ అంటే పాణం. నాయినమ్మ మంచాన పడితే ఆమె కాళ్ళ కాడి నుంచి లేవలే. అది చూసే మేం నర్సు ట్రైనింగుకు పంపినం" అంటడు. నేను పక్కనే ఉంట. బతికున్న మనిషి గురించి ఆమె ముంగటనే ఇంత ధైర్యంగా అబద్ధం చెప్పడం మా అన్నకే చెల్లింది.

నాయినమ్మ కాళ్ళ కాడ కూసున్న మాట నిజమే. అక్కడ కిటికీ ఉండె. మా ఇంట్ల వెలుతురు వచ్చే జాగ అదొక్కటే, మిగతా ఇల్లంతా మగ్గమే. వారపత్రిక పట్టుకొని సీరియల్ చదువుకునేదాన్ని. ముసలామె నీళ్ళడిగితే రెండుసార్లు వినపడనట్టు ఉండి మూడోసారికి లేచేదాన్ని. ఇదీ నా సేవ. ఇక "పంపినం" అన్న మాట. నన్నెవరూ పంపలేదు. ఇంకో సంగతి ఉన్నది, అది అన్నకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. నన్నెవరూ ఆపలేదు కూడా.

మాది వరంగల్ల కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. బాపు, అన్న మగ్గం మీద. అమ్మ, నేను నూలు కండెలు చుట్టుడు, పడుగుల, అంటే మగ్గం మీది నిలువు దారాల్ల, తెగిన పోగులు అతుకుడు. ఏడుగురం మగ్గం చుట్టూ ఎక్కడ సందు దొరికితే అక్కడ పండుకునేటోళ్ళం. డెబ్బైల చివర్ల నేను పదో తరగతి పాసైన. కాలేజి మాట ఎత్తితే "చూద్దాం" అన్నరు. మా ఇంట్ల చూద్దాం అంటే ఆ మాట మళ్ళ ఎత్తొద్దని.

మా బడి టీచరమ్మ తన బిడ్డ కోసం నర్సు ట్రైనింగు ఫారాలు రెండు తెచ్చుకున్నది, ఒకటి రాతల పాడైతే ఇంకోటి ఉంటదని. మొదటిది పాడు కాలేదు. మిగిలినదాన్ని పారేయబుద్ధి కాక నాకిచ్చింది. సేవ సంగతి దేవుడెరుగు, రక్తం చూస్తే నాకు కండ్లు తిరిగేటివి. కాని ఆ కాయితం అడుగున ఒక లైను ఉండె: అభ్యర్థినులకు హాస్టల్ వసతి కలదు. అంటే ఒక మనిషికి ఒక మంచం. పోస్టాఫీసు బల్ల మీద, జిగురు మరకల నడుమ మోచెయ్యి పెట్టి, ఆ ఫారం నేనే నింపిన.

తండ్రి సంతకం కావాలె. బాపు మగ్గం దిగలే.

"ఏందిది?"

"దరఖాస్తు."

"దేనికి?"

"దవాఖాన్ల ట్రైనింగుకు. కాన్పులు చేసుడు నేర్పిస్తరు."

"ఊఁ" అని సంతకం గీకి, మళ్ళ నేసుడు మొదలుపెట్టిండు.

వారం రోజులు ఎదురుచూసిన, ఎవరన్న వద్దంటరేమోనని. జవాబులు తయారు చేసి పెట్టుకున్న. నా నోటి సంగతి వాడకంతా తెలుసు. ఆ జవాబుల్ల ఒక్కటి కూడా ఖర్చు కాలే. పోయే రోజు అమ్మ "దుప్పటి తీస్కపో, అక్కడ చలి ఉంటదో ఏమో" అన్నది. అక్కడ అంటే మా ఇంటి నుంచి అరగంట నడక. అప్పుడు నడుస్తున్నది ఎండాకాలం.

ఇల్లు దగ్గర ఉండుడే నా కర్మైంది. ఆదివారం సాయంత్రం హాస్టల్ గేటు కాడి బెంచీ మీద అందరి అమ్మానాయినలు కూసునేటోళ్ళు. నెక్కొండ దిక్కు నుంచి పాసింజర్ బండి దిగి, సర్వపిండి మూట సంకల పెట్టుకొని వచ్చేటోళ్ళు. నా కోసం ఒక్కరు రాలే. దగ్గర్నే గద, ఎప్పుడైనా పోవచ్చు అనుకొని ఉంటరు. నేను మేడ మీది వరండా నుంచి చూసేదాన్ని, బట్టలు ఆరేస్తున్నట్టు. ఒకే లంగాను మూడుసార్లు ఆరేసిన రోజులున్నయి.

పోనీ నేనే పోదునా అంటే, మొదటి కాన్పు చేసినంక ఇంటికి పోయిన ఆదివారం అమ్మ గడప కాడనే ఆపింది.

"పురుడు పోసిన చేతులు. పడుగు ముట్టకు బిడ్డా."

బయటనే తల స్నానం చేయించి, అరుగు మీద కూసోబెట్టి అన్నం పెట్టింది. మగ్గమున్న ఇంట్ల పురుటి మైల తగలొద్దు, అది మా దిక్కు పట్టింపు. నేను ఊకుంటనా?

"మైల ఎన్ని రోజులు?"

"పదకొండు."

"నేను ఇక వారానికో కాన్పు చెయ్యాలె. మరి నా మైల పోయేదెన్నడు?"

"నాకేం ఎరుక? మగ్గం అన్నం పెడ్తాంది" అన్నది అమ్మ. కోపంగా కాదు. నా కంచంల ఇంకో గరిటె మామిడికాయ పప్పు వేసుకుంటనే అన్నది. వాదంల నేనే గెలిచిన. గెలిచి అరుగు మీదనే తిన్న. ఇంకో రెండు మూడు ఆదివారాలు పోయి, తర్వాత మానుకున్న. ఎందుకు వస్తలేవని ఎవరూ అడగలే.

హాస్టల్ల ఎక్కువమంది క్రైస్తవుల పిల్లలు. సాయంత్రం దీపాల వేళ అందరూ కలిసి ప్రార్థన చేసుకునేటోళ్ళు. నా పక్క మంచం అమ్మాయిది నెక్కొండ దగ్గర ఊరు. మొదట్ల ఆమె నన్ను పిలిచేది. "రారాదు, పాటలు పాడుకుంటం, నువ్వు ఊకె కూసో."

"నాకు పాటలు రావు. దేవుడు కూడా రాడు."

"అబ్బ! నువ్వు మాట్లాడితే బోళ్ళు తోమినట్టే ఉంటదే తల్లీ" అని నవ్వింది. రెండు మూడుసార్లు పిలిచి ఇక పిలవలే. తప్పు నాదే. అప్పుడు ఎవరన్న అంటే మాత్రం కొట్లాడేదాన్ని. వాళ్ళ పాటలు కింది నుంచి వినపడేటివి. నాకోసమని అడిగి సంపాదించుకున్న మంచం మీద, ఒక్కదాన్నే కూసొని, కాళ్ళూపుకుంట వినేదాన్ని.

ట్రైనింగుల ముఖ్యమైనది కేసు పుస్తకం. ఇరవై కాన్పులు మన చేతుల మీదుగా జరగాలె. ఒక్కోదానికి సిస్టర్ చూసి సంతకం పెట్టాలె. ఇరవై నిండకుంటే పరీక్షకు కూసోనియ్యరు, మంచం ఖాళీ చేసి ఇంటికి పోయి వెనుక బ్యాచితో మళ్ళ రావాలె. మళ్ళ రావాలె అని రాసి ఉన్నది గని, కొత్తవాడకు ఒకసారి తిరిగిపోతే నేను మళ్ళ రానని నాకు తెలుసు. ఎవరూ కట్టేయరు. కండెలు ముంగట పెడ్తరు, అంతే.

నా కేసులు అందరికంటే వెనుకబడ్డయి. కారణం వార్డు ఆయమ్మ. నొప్పులు ముదిరినప్పుడు ఏ పిల్లను పిలవాలో ఆమె చేతుల్నే ఉంటది. మొదటి వారమే నేను ఆమెకు చేతులు సబ్బుతో కడుక్కోమని చెప్పిన, అదీ పదిమంది ముంగట. "నీ అవ్వ పుట్టక ముందు సంది ఈ చేతులతోటి పిల్లలను పట్టుకుంటున్న, నాకు చెప్పవచ్చినవా?" అన్నది. అప్పటి సంది నన్ను అందరికన్న ఆఖరుకు పిలిచేది.

లేబర్ వార్డుల నా ఆఖరి రోజు వచ్చింది. పుస్తకంల పందొమ్మిది. పొద్దున పది గంటలప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు నుంచి ఒకామెను అత్త తోలుకొచ్చింది. రెండో కాన్పు. ఆయమ్మ నన్నే పిలిచింది.

"రా, ఓ నోటి పిల్లా. నీ ఇరవై నిండనీ. నీ మొకం ఇంకిన్ని నెలలు చూసుడు నా తోని కాదు."

కాన్పు సులువుగనే అయ్యింది. ఆడపిల్ల. పడంగనే వార్డు అదిరేటట్టు ఏడ్చింది. సిస్టర్ పక్క బల్ల మీద ఇంకో కష్టమైన కేసుతోటి ఉన్నది. నా చేతులు తడిగ ఉన్నయి, జారుతున్నయి. బొడ్డుకు దారం చుట్టిన, ముడి వేసిన, కోసిన. పిల్లను గుడ్డల చుట్టి తల్లి పక్కన పండబెట్టి, సామాన్లు ఉడకబెట్టే పని చూసుకొని అన్నానికి పోయిన. ఆ రోజు అన్నం కమ్మగా తిన్న. ఇరవై.

రెండు గంటలకు తిరిగొచ్చి పిల్ల గుడ్డ విప్పిన. లోపలి గుడ్డకు అరచెయ్యంత రక్తం, ఆరుతున్నది. బొడ్డు మీద రెండు ముళ్ళున్నయి. ఒకటి నాది. చూడంగనే పోల్చుకున్న. అది మగ్గం ముడి.

పడుగుల పోగు తెగితే అతకడానికి మా ఇండ్లల్ల ఒక ముడి ఉంటది. రెండు వేళ్ళతోటి రెప్పపాటుల పడ్తది. చిన్నగా ఉండుడే దాని గొప్ప, మగ్గం అచ్చుకు దువ్వెన తీరు ఉండే పండ్ల సందుల నుంచి తట్టుకోకుంట జారిపోవాలె. ఆరేండ్ల వయసు నుంచి నా వేళ్ళకు తెలిసిన ముడి అది. బొడ్డు ముడి అట్ల కాదు. పేగు గంటల్లనే వాడి సన్నబడ్తది. ముడి మీద ముడి ఎదురు దిక్కు పడి, బిగిసి, మళ్ళ బిగియాలె. సిస్టర్ రబ్బరు గొట్టం మీద నాతోటి ఎన్నిసార్లు వేయించిందో. "నోరు అంత స్పీడుగా నడుస్తుంది కదమ్మా, ఏవీ, చేతులు చూపించు" అనేది. గొట్టం మీద నేను ఒక్కసారి తప్పు పోలే. పిల్ల ఏడ్వంగనే నా చేతులు వాటికి తెలిసిన పని అవి చేసుకున్నయి.

నా ముడి వదులై పక్కకు జారి ఉన్నది. దానికి కొంచెం లోపలికి రెండో ముడి. ట్రేలో ఉండే తెల్ల దారమే. పలకగా, గట్టిగా, కొసలు సమంగా కత్తిరించి. ఆ ముడి పడకపోయుంటే, నేను కమ్మగా అన్నం తింటున్న ఆ వేళల్నే, నలుగురి నడుమ, తల్లి పక్కన, ఆ పిల్ల చప్పుడు లేకుంట పాలిపోయి ఉండేది. మంచం పట్టె పట్టుకొని నిలబడ్డ.

అప్పుడే సిస్టర్ పెన్ను తీసుకుంట వచ్చింది. బాలింత నిద్రల ఉన్నది. అత్త మంచం కాళ్ళ దిక్కు కూసొని వక్క నములుతున్నది. ఆయమ్మ తొట్టిల వేడినీళ్ళు పోస్తున్నది. నా పక్క మంచం అమ్మాయి కట్లు కట్టే గాజుగుడ్డలు మడత పెడ్తున్నది. సిస్టర్ వంగి చూసింది.

"రెండు ముళ్ళు వేశావా?"

నీళ్ళ చప్పుడు ఆగినట్టు అనిపించింది. ఆగిందో, నాకే అట్ల అనిపించిందో.

"అవును సిస్టర్."

నా బతుకుల అంత చిన్న జవాబు నేను ఎవరికీ ఇయ్యలే. సిస్టర్ నా మొకం దిక్కు చూసింది. "మంచిది. గుడ్డ మార్చు" అని పుస్తకంల సంతకం పెట్టి పోయింది. ఎవరూ ఏమీ అనలే. నేను గుడ్డ మార్చిన.

పరీక్ష పాసైన. రిజల్టు చెప్పుదామని పోతే బాపు "అయిపోయిందా?" అన్నడు. "అయిపోయింది" అన్న. కొలువు వచ్చింది. తర్వాత ప్రైవేటుగ బి.ఏ. కట్టిన. ఆ తర్వాత నా కింద ట్రైనింగుకు వచ్చిన పిల్లలకు బొడ్డు ముడి నేనే నేర్పిన. వాళ్ళు నా గురించి చాటున ఏం అనుకునేటోళ్ళో నాకు తెలుసు. అననీ. ఒక్కదానికి కూడా నా కండ్ల ముంగట ముడి వదులు కాలే.

ఆ రెండో ముడి గురించి ట్రైనింగు నడుస్తుండంగ ఎవర్నీ అడగలే. అడిగితే ఒప్పుకున్నట్టే. రిజల్టు వచ్చినంక ఆయమ్మను అడిగిన. "ఏ పిల్ల? ఏ ముడి? దినాం ఎన్ని బొడ్లు కోస్తమే! నువ్వు ఇంత గెలికి అడుగుతున్నవంటే ఏదో చేసినవన్నట్టు" అన్నది. పక్క మంచం అమ్మాయి వాళ్ళ ఊరికి పోతుంటే వరంగల్ స్టేషన్ల అడిగిన. సాగనంపడానికి కాదు, ఆ మాట అడగడానికే పోయిన, నిజం చెప్పాలె గద. "పోలీసోళ్ళ తీరు అడుగుతున్నవేందే? మంచి పని చేసిన్రో దొంగతనం చేసిన్రో నీ గొంతును బట్టి తెలుస్తలేదు" అని నవ్వింది. అవునని అనలే, కాదని అనలే. బండి కదిలింది. ఉత్తరం రాస్తనన్నది. నేను రాయలే, ఆమె రాయలే. సిస్టర్‌ను అడిగే ధైర్యం నాకు వచ్చేసరికి ఆమెకు బదిలీ అయ్యింది.

ఇన్నేండ్లల్ల నాతో నేనే వాదించుకున్న. ఆయమ్మ అయితే వార్డంతా వినపడేటట్టు అరిచేది, నా మీద పగ తీర్చుకునేటందుకు అంతకన్న మంచి మోకా ఆమెకు మళ్ళ దొరకదు. పక్క మంచం పిల్ల అయితే కడుపుల దాచుకునే రకం కాదు. సిస్టర్ అయితే పుస్తకంల నా కేసు కొట్టేసేది, ఆమె చేతుల అట్ల కేసులు పోయిన పిల్లలను చూసిన నేను. బాలింతకు లేచే ఓపికే లేదు. అత్త? ఊర్ల ఆడోళ్ళకు బొడ్డు ముడి తెలువదని కాదు. కాని ట్రేలో దారం ముట్టనిస్తరా? ఒక్కొక్కరినే తీసేసుకుంట వస్తే ఎవరూ మిగులరు. ముడి మాత్రం ఉన్నది. నా కండ్లతోటి చూసిన.

ఆ ముడి వేసిన మనిషి నా అబద్ధం వినుకుంట అదే వార్డుల ఉన్నది. నన్ను పక్కకు పిలిచి ఒక్క తిట్టు తిట్టినా సరిపోయేది. ఇంతకూ ఆమె ఎవరు? ఆ ఒక్క తిట్టు తిట్టేటంత దగ్గరిదాన్ని కూడా కానా నేను ఆమెకు?