హానుస్ అడిగే ప్రశ్న

రేవులో పడవ దిగే ప్రతి కొత్త మనిషిలోనూ హానుస్ ముందు కాళ్లే చూస్తాడు. తిమింగలాల వేట ఆపించడానికొచ్చేవాళ్ల బూట్లు మరీ కొత్తగా ఉంటాయని ఆయన నమ్మకం. కళ్లు చిట్లించి, "నిన్నెవరు పంపారు?" అని మొహం మీదే అడిగేస్తాడు. పక్షుల్ని చూడ్డానికొచ్చిన ముసలాయన్ని కూడా వదల్లేదు.

ఆదివారం కూతురు మార్యున్ భోజనానికి వచ్చింది. ఆమెకిప్పుడు ఐదో నెల. ఊరివాళ్లు పంచుకున్న వేటలో తన వాటా తిమింగలం మాంసాన్ని తానే ఆరబెట్టి, పల్చగా కోసి, ఉడికిన బంగాళాదుంపల పక్కన పెట్టాడు హానుస్. ఆమె దుంపలు మాత్రం తిని పళ్లెం పక్కకు జరిపింది.

"వద్దు నాన్నా. ఇందులో పాదరసం ఉంటుందట. కడుపులో బిడ్డకి మంచిది కాదంది డాక్టరమ్మ."

హానుస్ కత్తి కింద పెట్టి, వంగి బల్ల కిందికి చూశాడు. కూతురి కాళ్లకు ఉన్నవి, పోయిన తన భార్య అల్లిన పాత ఉన్ని మేజోళ్లే.

అయినా అడిగాడు.

"నిన్నెవరు పంపారు?"