నా ప్రోగ్రాముకు ఎనిమిదే రావాలి

పాత కంప్యూటర్ వేడెక్కితే లోపలి దుమ్ము కాలి ఒక వాసన వస్తుంది. ఈ పొద్దున మా పాలిటెక్నిక్ ల్యాబులో మూలనున్న మిషన్ ఆన్ చేయగానే ఆ వాసన వచ్చింది, ఫ్యాను గురగురలాడింది, నాకు మా కాలేజీ రోజుల పదిహేడో నంబరు మిషన్ గుర్తొచ్చింది. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. దాని వల్ల దగ్గరైన లలిత మేడం మీద కూడా కోపమే కానీ, అది వేరే రకం. పోకుండా నేనే జాగ్రత్తగా కాపాడుకుంటున్నాను.

నేను బళ్ళారిలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నప్పుడు ఆమె మాకు గెస్ట్ లెక్చరర్. రూపనగుడి నుంచి రోజూ బస్సులో వచ్చేది. మేం రాసిన ప్రోగ్రాములను దానంతటదే పరీక్షించి మార్కులు వేసే ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. అందులో నాలుగు ముక్కలు: ప్రోగ్రామును సిద్ధం చేసేది ఒకటి, నడిపేది ఒకటి, జవాబు పోల్చేది ఒకటి, మార్కులు వేసేది ఒకటి. ఏ ముక్కనైనా ఊడదీసి వేరేది బిగించుకోవచ్చు. లోపల ఏం రాసిందో ఎవరైనా చదవొచ్చు, తీసుకుని వాడుకోవచ్చు. అప్పట్లో నాకు ఇవేవీ పట్టలేదు. నాకు పట్టిందల్లా తెరమీద నా పేరు పక్కన పడిన ఎర్రటి సున్నా.

లెక్క చాలా చిన్నది. ఒక ఊళ్ళో నెలరోజుల ఉష్ణోగ్రతలు ఇస్తారు, అన్నిటికంటే ఎక్కువ ఏదో చెప్పాలి. నా ప్రోగ్రాం సరిగ్గా ఉంది. కానీ నేను కూర్చున్న పదిహేడో నంబరు మిషన్ కదలడానికే రెండు సెకన్లు తీసుకునేది, ఒక్కో పరీక్షకు గడువేమో రెండే సెకన్లు. సాఫ్ట్‌వేర్ మొదటి పరీక్ష దగ్గరే ఆపేసి సున్నా వేసింది. ఆ సున్నా ఉంటే ఇంటర్నల్స్ తప్పుతాను, తప్పితే ఆ ఏడు పరీక్షకు కూర్చోనివ్వరు. ఆఫీసుకు వెళితే గుమాస్తా గంటసేపు నిలబెట్టాడు. హెచ్‌ఓడీ తలెత్తకుండానే, "కంప్యూటర్ చెప్పినాక ఇంక మాటేముంది?" అన్నాడు. మాది సిరుగుప్ప వైపు క్యాంపు, అంటే వలసవచ్చినవాళ్ళ ఊరు; తాతల నాడు కాలువ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. నా 'అండి'ని వెక్కిరించే క్లాసువాళ్ళు ఆ వారమే నాకు 'కంప్లైంట్ బాక్స్' అని పేరుపెట్టారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరుసగా చెప్పగలను.

నాలుగు పేజీల ఫిర్యాదు రాసుకుని మేడం దగ్గరికి వెళ్ళాను. ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టి, నాలుగు పేజీలూ చదివింది. అంతకుముందు నా ఏ ఫిర్యాదునూ చివరిదాకా చదివినవాళ్ళు లేరు.

"ఏందప్పా, హెచ్‌ఓడీని తిట్టినావు, గుమాస్తాను తిట్టినావు, బాగుంది. దీంట్లో మిషన్‌కు అర్థమయ్యే లైన్ ఒక్కటన్నా ఉండాదా?"

"నాది కరెక్టేనండి మేడం."

"కరెక్టే అంటే సాలదు. మూడు లైన్లు రాయి. నువ్వేం ఇచ్చినావు, ఏం రావాల, ఏం వచ్చింది. అంతే."

రాశాను. ఆమె వెంటనే లేచి ల్యాబుకు నడిచింది. ఒకే నమూనా పరీక్షను మూడో నంబరు మిషన్‌లో పెడితే పచ్చగీత, పదిహేడులో పెడితే ఎర్రగీత. ఆమె చప్పట్లు కొట్టినంత పని చేసింది. "నీది కాదప్పా, నా గడియారం తప్పు! ఆ నడిపే ముక్క తీసేస్తాం. కొత్తది నువ్వే రాయి."

"నేనా అండి?"

"మరి యాడినుంచో ఒకరు రావాల్నా? తప్పు కనుక్కున్నోడివి నువ్వే కదా."

వారం రోజులు మధ్యాహ్నం అన్నం మానేసి కూర్చున్నాను. ముందు ఏమీ చేయని ఒక ఖాళీ ప్రోగ్రాం నడిపి, ఆ మిషన్ ఎంత మందకొడిదో చూసి, దాన్నిబట్టి గడువు పెంచే ముక్క రాశాను. మేడం పాతది ఊడదీసి నాది బిగించి, క్లాసు మొత్తం ప్రోగ్రాములను మళ్ళీ నడిపింది. గోడవైపు వరుసలో, పాత మిషన్ల ముందు కూర్చుని సున్నాలు తిన్నవాళ్ళందరి పేర్లూ ఒకదాని వెనక ఒకటి పచ్చబడ్డాయి. వాళ్ళలో నన్ను చూసి నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. ఐనా నేను బెంచీ మీద గుద్ది అరిచాను. అంత ఆనందం నాకు అంతకుముందు తెలియదు.

అప్పుడు నా పేరు వచ్చింది. పదికి ఎనిమిది.

పరీక్షకు కూర్చోవడానికి చాలు. కానీ చివరి రెండు గీతలూ ఎర్రగా ఉన్నాయి. ఆ రెండిటిలో ఉష్ణోగ్రతలన్నీ సున్నా కంటే తక్కువ. నా ప్రోగ్రాం సున్నాతో మొదలుపెట్టి అంతకంటే ఎక్కువ ఏముందా అని వెతికేది. ఏదీ దొరక్క సున్నా అనే చెప్పింది.

"సున్నా కంటే తక్కువ ఎక్కడుంటుందండి? మే నెలలో మన ఊరు చూడండి!"

"ఊర్లన్నీ బళ్ళారేనా అప్పా? ఇది అందరి సాఫ్ట్‌వేరు. మంచు పడే ఊరోళ్ళు వాడుకోవద్దా?"

ఆ రెండు పరీక్షలూ నా కోసమే కొత్తగా చేర్చిందని అనుమానం వచ్చింది. అంతా బయటే ఉంది కాబట్టి పాత మార్పులన్నీ తీసి చూశాను. నేను కాలేజీలో చేరకముందు నుంచీ ఉన్నాయి. ఆ దారీ మూసుకుపోయింది.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ ముక్క మార్చినా, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ఎన్ని మార్కులు రావాలో ముందే తెలిసిన కొన్ని ప్రోగ్రాములను నడిపిస్తారు. వాటిలో నాదాన్ని చేర్చింది. "ఇంత చక్కగా తప్పింది మళ్ళా దొరకదప్పా. దీనికి ఎనిమిదే రావాల. పేరు తీసేద్దునా?"

"ఎందుకండి తీయడం? నాకు జరిగిన అన్యాయం అందరినీ చూడనివ్వండి."

ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

మరుసటి ఏడు ఆమెను మళ్ళీ తీసుకోలేదు. వీడ్కోలుకు ఒక్క మాట చెప్పినవారు లేరు, ఒక టీ ఇచ్చినవారు లేరు. అది నాకు జరిగిన అవమానం కాదు. ఐనా నా జాబితాలో అన్నిటికంటే పైన అదే ఉంది. సాఫ్ట్‌వేర్ బాధ్యత నాకు అప్పగించి వెళ్ళింది. ఇప్పుడు నా విద్యార్థులు దానిమీదే రాస్తారు. నేనెన్నడూ చూడని ఊళ్ళవాళ్ళు కొత్త ముక్కలు పంపుతారు.

ఈ పొద్దున అలాంటిదే ఒకటి వచ్చింది, నడిపే ముక్క, పాతదానికంటే వేగమైనది. ఆ మూల మిషన్‌లో బిగించి పరీక్షించాను. నా పేరు పక్కన పది పడింది. ఇన్నేళ్ళకు! చెయ్యెత్తి అరవబోయి ఆగాను. నాకు పది వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని అర్థం. వెతికితే, ఆ కొత్త ముక్క చివరి రెండు పరీక్షలను నడపకుండానే పాసైనట్టు చూపి వదిలేస్తోంది. పంపినవారికి మూడు లైన్లు రాశాను. అవే మేడంకు కూడా పంపాను: ఇచ్చింది నా పాత ప్రోగ్రాం. రావాల్సింది ఎనిమిది. వచ్చింది పది.

నిమిషంలో జవాబొచ్చింది. "సంతోషపడినావా?"

"ఒక్క క్షణం పడ్డానండి."

"సాల్లే. సరిచెయ్."

సరిచేశాను. మళ్ళీ ఎనిమిది వచ్చింది. ఈసారి నిజంగానే బెంచీ గుద్ది అరిచాను, విద్యార్థులు తలలు తిప్పి చూశారు. కానీ ఆ రెండు మార్కుల సంగతి నేనింకా వదల్లేదు.