పది సెకన్ల గొంతు

గొంతు ఆపరేషనయ్యాక నాన్నకి మాట పోయింది. ఆయన పాత గొంతు ఒక్కచోటే మిగిలింది: అక్క వీడియో గేమ్‌లో. చేతిలో పట్టుకుని ఆడుకునే ఆ మిషన్‌లో పది సెకన్లు మాట రికార్డు చేసుకోవచ్చు. ఎప్పుడో సరదాకి నాన్న చేత మాట్లాడించి పెట్టుకుంది. అది మెమరీ కార్డులో కాదు, మిషన్ సొంత మెమరీలో ఉంటుంది.

మిషన్ పాడైతే గొంతూ పోతుందని నేనే అక్కని భయపెట్టి, బ్యాకప్ తీస్తానని తెచ్చాను. నాదీ అలాంటిదే, అదే నీలం రంగు. రెండిటికీ బ్యాకప్ తీసి కంప్యూటర్‌లో దాచాను. ఏ బ్యాకప్‌నైనా తెరిచే తాళంచెవి, అంటే కోడు, దాని మిషన్ చిప్పులోనే ఉంటుంది. ఇంకోదానికి ఎక్కిస్తే అసలుకే మోసం. అందుకే ఒకదాని వెనక స్కెచ్ పెన్‌తో ‘అక్క’ అని రాసుకున్నాను.

దసరాకి అమ్మ ఆయుధపూజ చేసింది. మా ఇంట్లో బండి, మిక్సీ, కత్తిపీట అన్నీ పూజకి కూర్చుంటాయి. ఈ రెండు గేమ్ మిషన్లనీ కూడా తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టింది. మర్నాడు నాదాన్లో కెలికి మార్చినవన్నీ పోగొడదామని, వెనక పేరు లేనిది తీసి నా బ్యాకప్ ఎక్కించాను. ఎవరిదో తెరిచి చూసుకునే ఓపిక నాకెక్కడిది? తెర నల్లబడింది. రెండోది ఆన్ చేస్తే, నాది.

అక్క ఫైలు భద్రంగానే ఉంది, కానీ ఎక్కించాలంటే మిషన్ లేవాలి కదా. నర్సీపట్నంలో సెల్ షాపువాళ్లెవరూ దాన్ని ముట్టుకోలేదు. లోపలి బోర్డుకి వైర్లు అతికిస్తే బ్యాకప్ నేరుగా ఎక్కుతుందని ఎక్కడో చదివి, నేనే కూర్చుని చిప్పు కాల్చేశాను. తాళంచెవి దాంతోనే పోయింది. గొంతు ఫైల్లో ఉంది, బయటికి రాదు. నేను కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. అక్క బలిఘట్టం నుంచి ఫోన్ చేసి “ఏట్రా, అయిపోనాదా?” అంటే “అవుతోందక్కా” అనేవాణ్ణి. నెలరోజులు అవుతూనే ఉంది. వస్తుందేమోనని ఆదివారాలు ఇంట్లో ఉండడం మానేశాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

ఓ ఆదివారం వానకి ఎటూ పోలేక అక్కకి దొరికిపోయాను. నాన్న ఎదురుగానే అంతా చెప్పేశాను. అక్క తిట్టలేదు; తిడితే బాగుండేది. ఆ నల్ల తెర కేసి చూసి, “నాన నన్నెలా పిలిసీవోడో గేపకముందేట్రా నీకు? ఓపాలి అలాగ పిలువు” అంది.

గొంతు సవరించుకుని “అమ్మలూ” అన్నాను.

నాన్న తల అడ్డంగా ఊపాడు. ఎలా అనాలో చూపించబోయి, నోరు తెరిచి, ఆగిపోయాడు.