బర్రె మొక్కు, దవాఖానా తాళం

చర్ల దారిలో ఒక చిన్న ధర్మ దవాఖానా ఉంది. అడవి పల్లెల వాళ్లు పొద్దున్నే నడిచో, ఆటోల్లో కిక్కిరిసో అక్కడికి వస్తారు. సికిల్ సెల్ జబ్బుతో నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లలు వాళ్లలో చాలామంది. ఎవరిది ఏ గ్రూపు, కిందటిసారి ఎవరికి దద్దుర్లు వచ్చాయి, ఎవరికి ఏ మందు పడదు, అంతా కంప్యూటర్లోనే ఉంటుంది. ఆ కంప్యూటర్ మాత్రం దవాఖానాలో ఉండదు. నేను పనిచేసే చిన్న సంస్థ హైదరాబాద్‌లోని డేటా సెంటర్లో మూడు పెద్ద యంత్రాలు కిరాయికి తీసుకుంది. మూడింటినీ ఒకటిగా కలిపి, పెద్ద ఇంటిని వాటాలుగా పంచినట్టు లోపల చిన్న చిన్న సర్వర్లుగా విడదీసింది. అందులో ఒక వాటా దవాఖానాది. దాన్ని సారపాకలోని మా ఇంట్లో కూర్చుని నేను చూసుకుంటాను.

బడికి పోని మనిషికి ఇంత పని ఎలా అబ్బిందని చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. నాన్న అడవిలో వెదురు డిపో గుమాస్తా. అక్కడ బడి లేదు. సాయంత్రం లారీలు పోయాక డిపో అరుగు మీద నాకు ఆయనే పాఠం చెప్పేవారు. లెక్కలూ ఇంగ్లీషూ అక్కడే వచ్చాయి, పరీక్షలు ప్రైవేటుగా రాశాను, మిగతాది ఫోన్లో చూసి నేర్చుకున్నాను. నాన్న చెప్పిన పాఠాల్లో పుస్తకంలో లేనిది ఒకటుంది. వాగు దాటేటప్పుడు ముందు కర్ర దిగాలి, తర్వాత కాలు దిగాలి. ఆయనకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. ఆ ఆదివారం మాత్రం ముందు కాలే దించాను.

ఆ వానాకాలం నాకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు. ఆ పెద్ద ఇంటి తలుపు ఇంటర్నెట్‌లో ఎవరికైనా కనబడేలా ఉండేది. పాస్‌వర్డ్ ఉన్న మాట నిజమే. కానీ పొద్దున్నే రికార్డు తెరిస్తే ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు తలుపు తట్టి పోయిన గుర్తులు వరసగా ఉండేవి. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు లోపలికి వస్తారని, ఆ పిల్లల రక్తం వివరాలు మాయమవుతాయని భయం. చివరికి మా పెద్దసారు ఒప్పుకున్నారు: బయటి తలుపు మూసేసి, వీపీఎన్ అనే లోపలి దారి ఒక్కటే ఉంచాలి. ఆ దారిలో రావాలంటే పాస్‌వర్డ్ చాలదు, కీ కావాలి. ఆ కీ రెండు ముక్కలు. ఒకటి మన దగ్గర రహస్యంగా ఉంటుంది, దాని జత అక్కడ సర్వర్లో నమోదై ఉంటుంది. రెండూ కుదిరితేనే దారి తెరుచుకుంటుంది. దవాఖానాకు ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజే పని పెట్టుకున్నాం. సోమవారం ఎనిమిదింటికి ఓపీ మొదలయ్యేలోగా వాళ్ల కంప్యూటరుకు కూడా ఒక కీ ఇచ్చేయాలి.

శనివారమే నేను ఒక అదనపు కీ తయారుచేసి, దాని జతను సర్వర్లో నమోదు చేసి, పనిచేస్తోందని చూసుకుని పెన్‌డ్రైవ్‌లో దాచాను. మా ఇంట్లో విలువైనది ఏదైనా ముందు దేవుడి గూట్లోకే పోతుంది. బండి తాళమైనా, పట్టా కాగితమైనా, విత్తనాల సంచైనా అంతే. ముసురుకు తడవకుండా పసుపు గుడ్డ ముక్కలో చుట్టి, ముడి వేసి, రాముడి పటం కింద పెట్టి దండం పెట్టుకున్నాను. ఆ గుడ్డ అత్తమ్మ అంతకుముందు తన ముడుపు కట్టడానికి చింపుకోగా మిగిలినది. ఆ ముడుపు కూడా ఆ గూట్లోనే ఉంది.

ఆదివారం తలస్నానం చేసి, దీపం పెట్టి, ఎనిమిదింటికి దవాఖానా నర్సమ్మకు వీడియో కాల్ చేశాను. వాళ్లకు కంప్యూటర్ తెలిసిన మనిషి ఆమె ఒక్కతే, సెలవైనా దీనికోసమే దవాఖానాకు వచ్చి కూర్చుంది. నా స్క్రీన్ చూపిస్తూ ఒక్కో మెట్టూ చెబుతున్నాను.

"జర ఆగక్కా," అంది మధ్యలో. "మల్ల మర్చిపోతనని అన్నిటికి ఫోటోలు కొట్టుకుంటున్న."

ఆ స్క్రీన్ మీద నా రహస్యపు కీ మొత్తం కనబడుతోంది.

"ఆ ఫోటో తీసెయ్ చెల్లె. చెత్తబుట్టల నుంచి గూడ తీసెయ్."

"తీసేసిన. గంత భయమెందుకక్కా, నా ఫోన్ల చూసేదెవరు? మా ఆయనకు చూసుడు రాదు, నా బిడ్డకు ఫోను ఇయ్యను."

నవ్వాను గానీ భయం పోలేదు. అరగంటాగి చేస్తానని కాల్ పెట్టేసి, ఆ కీ పనికిరాదనుకుని కొత్తది తయారుచేసి పాతదాని మీదే రాసేశాను. తర్వాత బయటి తలుపు మూసే ఆజ్ఞ ఇచ్చాను. అక్కడ మాత్రం నాన్న చెప్పిన కర్ర దించాను. పది నిమిషాల్లో నేను 'సరే' అనకపోతే తలుపు తనంతట తానే తెరుచుకునేలా పెట్టాను. లోపలి దారిలో వెళ్లి చూశాను, అన్నీ బాగున్నాయి. 'సరే' అన్నాను.

బాగున్నట్టు కనబడిందంతే. లాప్‌టాప్ అప్పటికింకా పాత కీతోనే నడుస్తోంది. కొత్త కీ ఫైల్లో ఉంది గానీ దాని జతను సర్వర్లో నమోదు చేయడం మరిచిపోయాను. రేపు పొద్దున దారి దానంతట అదే తెరుచుకుంటుందో లేదో చూద్దామని లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. తెరుచుకోలేదు. రెండోసారీ తెరుచుకోలేదు. మూడోసారి చూసేటప్పటికి నేను చేసిందేమిటో తెలిసింది. పాత కీ నా దగ్గర లేదు. నర్సమ్మ ఫోటో ఉండి ఉంటే అందులో చూసి ఒక్కో అక్షరం కొట్టుకునేదాన్ని. దాన్ని చెత్తబుట్టలోంచి కూడా తీయించింది నేనే.

అయినా గూట్లో ఇంకొకటి ఉంది కదా. లేచి వెళ్లి ముడి విప్పాను. రూపాయి బిళ్ల, చిటికెడు కుంకుమ.

అది అత్తమ్మ ముడుపు. రెండో మూట లేదు. తెల్లారే అత్తమ్మా, పక్కింటి వదినా మొదటి బస్సుకు పర్ణశాల వెళ్లారు, మొక్కు తీర్చుకోవడానికి. నా మూట అత్తమ్మ చేతిలో ఉంది. అది హుండీలో పడిందంటే, లెక్కింపు రోజున అధికారులు తెరిచేదాకా దేవుడు కూడా తీసివ్వలేడు.

అత్తమ్మకు ఫోన్ చేస్తే వంటింట్లో బియ్యం డబ్బా మీద మోగింది. వదిన ఫోను కలవలేదు. మా ఆయనకు మిల్లులో మొదటి షిఫ్టు, లోపలికి ఫోను పోనివ్వరు. పెద్దసారుకు చేశాను.

"డేటా సెంటర్ వాళ్లు లెటర్ లేంది ముట్టుకోరమ్మా," అన్నారాయన. "ఇయ్యాల ఆదివారం. రేపు పది దాటినాంకనే ఏమన్న అయితది. ఓపీ ఎన్నింటికి?"

"ఎనిమిదికి సార్."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

నర్సమ్మ రెండుసార్లు చేసింది. ఎత్తి, "ఇక్కడ కరెంటు సతాయిస్తుంది చెల్లె, మధ్యాన్నం చేద్దాం," అన్నాను. అబద్ధమాడే అలవాటు లేని నోరు, మాట తడబడింది. లాప్‌టాప్, ఛార్జరు, మళ్లీ ముడి వేసిన అత్తమ్మ ముడుపు సంచిలో వేసుకుని ఇంటికి తాళం పెట్టాను.

వంతెన మీద ఆటో పోతుంటే కింద గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. ఎప్పుడూ అక్కడ చేతులు జోడించేదాన్ని. ఆ రోజు సంచి వదలాలంటే భయమేసి తల మాత్రం వంచాను. భద్రాచలంలో పర్ణశాల ఆటో ఎక్కాను. మనుషులు నిండితే గానీ కదలనన్నాడు డ్రైవరు. నా పక్కన విస్తరాకుల కట్టతో ఒక పెద్దామె కూర్చుంది.

"గట్టిగ పట్టుకున్నవు బిడ్డా. సంచిల బంగారమా?"

"కాదమ్మా. కంప్యూటరు."

"గుడికి కంప్యూటరెందుకు? దేవునికి లెక్కలు రావా?"

ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను, కన్నీళ్లొచ్చాయి. ఆమె ఇంకేమీ అడగకుండా విస్తరాకుల కట్ట తన ఒళ్లోకి లాక్కుని నాకు జాగా ఇచ్చింది. ఆమె ఎవరో తెలియదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. దారి పొడుగునా నా కళ్ల ముందు ఒకటే కనిపించింది: సోమవారం బల్ల మీద పడుకున్న పిల్ల, పైన వేలాడే రక్తం సంచి, తెరుచుకోని కంప్యూటర్ ముందు నర్సమ్మ.

దర్శనం వరసలో అత్తమ్మ లేదు. కొబ్బరికాయల దుకాణం పక్కన అరుగు మీద, కాళ్లు చాపుకుని మొహం మాడ్చుకుని కూర్చుని ఉంది. వదిన అరటిపండు తింటోంది.

"అగో, నీ కోడలు," అంది వదిన. "ఇంటికాడ ఉండలేకపోయింది."

"అత్తమ్మా, ముడుపు..." అన్నాను. "హుండీల వేసినవా?"

"ఏడ వేసుడు." అత్తమ్మ కొంగు ముడి విప్పి పసుపు మూట చూపించింది. "హుండీ దాక పోయిన. చెయ్యి పెట్టబోతే బిళ్ల తగుల్తలేదు. పొడుగ్గ, గట్టిగ ఏందో ఉంది. నేను కట్టింది గిది కాదనుకున్న. దేవునికి ఒకటిస్తనని ఇంకోటి ఇస్తరా? వెనుకకొచ్చిన."

"వరసల ఉన్నోళ్లంత తిట్టిన్రు," అంది వదిన. "ముసలమ్మ దేవునికాడ గూడ బేరం చేస్తుందని."

నేను అరుగు మీద కూలబడ్డాను. మూట చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకున్నాను. అత్తమ్మ నా వంక వింతగా చూసింది.

"ఏముందే దాంట్ల?"

"దవాఖాన తాళం అత్తమ్మా."

"తాళాన్ని ముడుపు లెక్క కడ్తరా ఎవరన్న? బర్రె దొరికితే రూపాయి ఇస్తనని మొక్కిన. బర్రె మొక్కుకు నీ దవాఖాన వేసొస్తే ఆ దేవుడు ఏమనుకుంటడు?"

సంచిలోంచి ఆమె ముడుపు తీసి ఇచ్చాను. నొక్కి చూసింది. బిళ్ల తగిలింది. మొహం విప్పారింది. అడవిలో తప్పిపోయి మూడో రోజున దానంతటది ఇంటికొచ్చిన బర్రె కోసం, మోకాళ్లు పట్టుకుని మళ్లీ వరసలోకి పోయింది.

నా పని ఇంకా కాలేదు. అక్కడ ఫోను సిగ్నల్ ఆ కొబ్బరికాయల దుకాణం బల్ల దగ్గరే అందుతుందట. దుకాణం ఆమె కొబ్బరిపీచు పక్కకు జరిపి చోటిచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టాను. దాని పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి వేళ్లు చీర కొంగుకు తుడుచుకుని ఒక్కో అక్షరం లోలోపల చదువుకుంటూ కొట్టాను. సిగ్నల్ ఒక్క గీత చూపిస్తోంది. రామా అన్నాను, ఎదురుచూశాను. దారి తెరుచుకుంది. లోపల మూడు యంత్రాలూ పచ్చగా, ఏమీ ఎరగనట్టు నడుస్తున్నాయి.

ముందు నా కొత్త కీ నమోదు చేశాను. లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టి, పెన్‌డ్రైవ్ లేకుండా వెళ్లి చూశాను. వెళ్లగలిగాను. అప్పుడు నర్సమ్మకు ఫోన్ చేసి, ముందు కరెంటు సతాయించలేదని చెప్పాను. జరిగిందంతా వరసగా చెప్పాను, హుండీ దాకా.

"పొద్దుగాల చెప్పేదుండె అక్కా," అందామె. "చెప్తే పాత కాగితాలన్న తీసి పెట్టుకుందును. రేపు నలుగురు పిల్లలకు ఎక్కించేదుంది. నువ్వు తప్పు చేసినందుకు కాదు, దాచినందుకు కోపమొచ్చింది."

"అవ్ చెల్లె. తప్పే."

"సరే, జల్దీ చెప్పు. ఏడ నొక్కాలె? ఫోటోలు కొట్టనులే."

ఆ బల్ల మీదే ఆమె కంప్యూటర్ కీ కూడా నమోదు చేశాను. ఆమె మూడుసార్లు మూసి తెరిచింది. మూడుసార్లూ తెరుచుకుంది.

సోమవారం ఏడున్నర నుంచే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. దీపం పెట్టాను గానీ ఏ శ్లోకమూ పూర్తిగా నోటికి రాలేదు. ఎనిమిదికి రెండు నిమిషాలుండగా దవాఖానా పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. కాసేపటికి ఫోను మోగింది. వెనకాల పిల్లల ఏడుపు, ఎవరిదో అర్థంకాని అడవి మాట.

"తెరుచుకుందక్కా. మొదటి పిల్లకు కిందటిసారి దద్దుర్లు వచ్చినయని స్క్రీన్ల ఉంది. వాళ్లమ్మకు తెలుగు రాదు, మాకు చెప్పలే. డాక్టరమ్మ ముందు సూది ఇచ్చి, మెల్లగ ఎక్కిస్తమంటుంది."

"మంచిది చెల్లె," అన్నాను.

ఇప్పుడు ఇంకో అదనపు కీ దవాఖానా బీరువాలో, సీలు వేసిన కవర్లో ఉంది. నాది మాత్రం ఇంకా దేవుడి గూట్లోనే ఉంది, పసుపు గుడ్డలో కాకుండా స్టీలు డబ్బాలో. రోజూ దీపం పెట్టేటప్పుడు మూత తీసి చూస్తాను. ఉంటుంది. అయినా మర్నాడు మళ్లీ చూస్తాను.